తెర చూసి బిడ్డను చూశామనకండి

"వెంటిలేటర్ మీదున్న బిడ్డను ఊరికే కదపకండి సిస్టర్. చూడాల్సిందంతా మానిటర్ మీదే కనిపిస్తోంది కదా!"

ఈ మాట నేను మొదట ఒక యువ డాక్టరు నోట విన్నాను. కొన్నేళ్లకు, నర్సుల సంఖ్య గురించి జరిగిన ఒక మీటింగులో మళ్లీ విన్నాను. మొన్నామధ్య నా దగ్గర పాఠం నేర్చుకుంటున్న నర్సింగ్ విద్యార్థిని కూడా అదే అంది. ఆ అమ్మాయిని తప్పుపట్టను. వార్డులో పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో చూసి అదే నేర్చుకుంది. పిల్లల ఐసీయూలో ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేసి ఇప్పుడు ఆ పనే నేర్పుతున్నదాన్ని కాబట్టి, ఆ మాటకు జవాబు చెప్పే బాధ్యత నాకుంది. ఆ మాట తప్పు. పసిపిల్లల ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

ముందు పూర్వపక్షాన్ని న్యాయంగా చెప్పాలి. యంత్రం ఇరవై నాలుగు గంటలూ రెప్ప వేయకుండా కాపలా కాస్తుంది, మనిషి గంటకోసారి వచ్చి చూస్తాడు. యంత్రం అంకె చెబుతుంది, మనిషి తనకు తోచింది చెబుతాడు. స్టెతస్కోపు కంటే అల్ట్రాసౌండు ఎంతో మెరుగని పరిశోధనలు తేల్చాయి. మత్తులో ఉన్న బిడ్డను తాకితే ఉలిక్కిపడుతుంది, పైగా మన చేతుల ద్వారా ఇన్ఫెక్షను వస్తుంది. ఇక చివరిది, పైకి గట్టిగా అనకపోయినా అన్నిటి వెనకా ఉండేది: ఒక్కో నర్సు చేతిలో ముగ్గురేసి బిడ్డలున్న చోట, తల నుంచి అరికాలి దాకా పరీక్షించే తీరిక ఎవరికుంది?

ఇందులో ఒక్కటీ తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఒక్కోదానికీ జవాబు చెబుతాను. అంతకుముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి.

ఎనిమిది నెలల పాప. న్యుమోనియాతో వెంటిలేటర్ ఎక్కి రెండో రోజు. రాత్రి రెండున్నరకు పాపకు పక్క మార్చాం. మానిటర్‌లో శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 96, గుండె వేగం 148, రక్తపోటు బాగుంది. వెంటిలేటర్ ఏ చప్పుడూ చేయడం లేదు. అంకెలన్నీ చార్టులో ఎక్కించి నేను పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. పది నిమిషాలకు, నెల కిందట చేరిన జూనియర్ సిస్టర్ వచ్చి మెల్లగా అంది: "అక్కా, పాపకి ఎడమ పక్క లేవట్లేదేమో అనిపిస్తోంది, ఒకసారి చూస్తారా?"

దుప్పటి తీసి, మంచం కాళ్ల వైపు నిలబడి, నా కళ్లు పాప ఛాతీ ఎత్తుకు వచ్చేలా వంగి చూశాను. ఊపిరి ఊపిరికీ కుడి పక్క నిండుగా లేస్తోంది. ఎడమ పక్క దాని వెంట ఈడ్చుకొస్తోంది. చంకల కింద స్టెతస్కోపు పెట్టి విన్నాను. కుడివైపు గాలి సవ్వడి స్పష్టంగా ఉంది, ఎడమవైపు గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది. పెదవి దగ్గర ట్యూబు మీది గుర్తు చూశాను. సాయంత్రం రాసిన 11 సెంటీమీటర్ల దగ్గరే ఉంది. అంటే చార్టు ప్రకారం ట్యూబు కదల్లేదు. కానీ పక్క మార్చినప్పుడు పాప గడ్డం ఛాతీ మీదికి వంగిపోయింది. మెడ వంగితే ట్యూబు కొస లోపలికి జారుతుంది, మెడ వెనక్కి వాలితే పైకి వస్తుంది. పసిపిల్లల శ్వాసనాళం పొడవే నాలుగైదు సెంటీమీటర్లు. అందులో ఒక్క సెంటీమీటరు జారినా కొస కుడి ఊపిరితిత్తి గొట్టంలోకి పోవచ్చు. భుజాల కింద చిన్న గుడ్డ చుట్ట పెట్టి, తల తిన్నగా చేసి, డ్యూటీ డాక్టరును పిలిచాం. తల సరిచేసిన నాలుగైదు ఊపిర్లకే ఎడమ పక్క లేచింది. తర్వాత ఎక్స్‌రే తీస్తే ట్యూబు కొస ఇంకా కాస్త లోతుగానే ఉందని తేలింది. డాక్టరు అర సెంటీమీటరు వెనక్కి లాగి కట్టారు.

అప్పటికి శాచురేషన్ 93కి దిగింది. అలారం 90 దగ్గర పెట్టి ఉంది. యాభై శాతం ఆక్సిజన్ ఇస్తున్నాం కాబట్టి ఒక్క కుడి ఊపిరితిత్తే అంకెను కాసేపు నిలబెట్టింది. ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్లే గాలి తగ్గినా, దాని అలారం పరిధిని మేమే వెడల్పుగా పెట్టుకున్నాం, రాత్రిళ్లు ఊరికే మోగుతోందని. ఇంకో గంట గడిస్తే అలారం మోగేదే. అప్పటికి ఎడమ ఊపిరితిత్తి గాలి లేక ముడుచుకుపోయి ఉండేది. ఆ రాత్రి తప్పు నాది. యంత్రాలు చెప్పిన అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. వాటిని రాసుకుని పాపను చూశాననుకున్నాను, అక్కడ జరిగింది పొరపాటు.

ఇప్పుడు మొదటి వాదనకు వద్దాం. యంత్రం రెప్ప వేయదంటారు. నిజమే. అయితే అది రెప్ప వేయకుండా చూస్తున్నది దేన్ని?

పల్స్ ఆక్సిమీటర్ సంగతి చూడండి. జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి 1970ల్లో దాని సూత్రాన్ని కనిపెట్టాడు. అంతకుముందు బిడ్డకు ఆక్సిజన్ తగ్గిందని తెలియాలంటే నాలుక, పెదవులు నీలంగా మారాలి. రక్తం తక్కువున్న బిడ్డ అలా నీలంగా కూడా మారదు. కాబట్టి ఆ పరికరం చేసిన మేలును నేను తక్కువ చేయను. మన కంటికి చేతకానిది అది చేస్తోంది. అయినా అది చూసేది వేలి గుండా వెళ్లిన వెలుతురునే. చల్లబడిన వేలి దగ్గర తడబడుతుంది. ఊపిరితిత్తుల్లో జరిగినదాన్ని ఆలస్యంగా చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆక్సిజన్ ఎక్కువగా ఇస్తున్న బిడ్డలో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక లోపల పేరుకుంటున్నా ఆ అంకె 98 దగ్గరే నిలబడగలదు.

మన బిడ్డల విషయంలో ఇంకో మాట ఉంది. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిషిగన్ పరిశోధకులు ఒక పోలిక ప్రచురించారు. ఆక్సిమీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా, రక్త పరీక్షలో అసలు శాచురేషన్ 88 కంటే తక్కువని తేలిన సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతమైతే, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. వాళ్లు పెద్దవాళ్లు, అమెరికావాళ్లు. ఆ శాతాలను మన పిల్లలకు అలాగే అతికించకూడదు. కానీ చర్మం రంగు ముదిరినకొద్దీ ఆ వెలుతురు లెక్క ఎక్కువ చేసి చెప్పే ప్రమాదం ఉందని తెలిశాక, చామనఛాయ బిడ్డలు, నల్లని బిడ్డలు నిండిన మన వార్డుల్లో 94 అంకెను చూసి నిశ్చింతగా తల తిప్పుకోవడం ఎలా కుదురుతుంది?

ఇక వెంటిలేటర్. అది తన గొట్టాల్లో గాలి ఎలా కదులుతోందో కొలుస్తుంది. గొట్టంలో ఆవిరి చేరి నీటిబొట్లుగా ఊగితే, ట్యూబు పక్కల నుంచి గాలి కారితే, ఆ కదలికనే బిడ్డ తీసుకున్న ఊపిరి అనుకుని యంత్రం ఊపిరి తోస్తుంది. అప్పుడు తెర మీద బిడ్డ సొంతంగా నిమిషానికి ఇన్ని ఊపిర్లు తీస్తోందని కనిపిస్తుంది. మందు మత్తులో ఆ బిడ్డ ఒక్క ఊపిరి కూడా సొంతంగా తీయకపోయి ఉండవచ్చు. దీనికి ఎదురైనదీ జరుగుతుంది. బిడ్డ శక్తి కొద్దీ ఊపిరి లాగుతుంటుంది, ఆ లాగుడు యంత్రానికి చాలదు. తెర మీద ఇరవై ఊపిర్లుంటాయి, బిడ్డ పొట్ట నలభై సార్లు ఎగురుతుంటుంది. ఈ రెండు సంగతులూ తెలియాలంటే దారి ఒకటే. దుప్పటి తీసి, పొట్ట మీద చెయ్యి వేసి, చేతి గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టడం.

మన పల్లెల్లో ఏఎన్ఎమ్ అమ్మకు నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. బిడ్డ నిద్రలోనో, తల్లి ఒళ్లో కుదురుగానో ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది దాటి అయిదేళ్ల లోపు బిడ్డకు 40 వచ్చినా, దాటినా న్యుమోనియా అని అనుమానించాలి. డొక్కలు లోపలికి పోతున్నాయేమో చూడాలి. ఆ డొక్కల మాట తల్లులు చదువు లేకుండానే చెబుతారు. "డొక్కలెగరేస్తోందమ్మా, రాత్రంతా నిద్ర లేదు" అంటూ బిడ్డను చంకనేసుకుని పరిగెత్తుకొస్తారు. పూరింట్లో లాంతరు వెలుగులో తల్లి కనిపెట్టిన గుర్తును, లక్షల రూపాయల యంత్రాల మధ్య మనం చూడకుండా వదిలేస్తే ఆ తల్లికి ఏం జవాబు చెబుతాం? వెంటిలేటర్ మీదున్న బిడ్డ కూడా డొక్కలెగరేస్తుంది. ట్యూబులో కళ్లె అడ్డుపడినా, యంత్రం ఇచ్చే ఊపిరి చాలకపోయినా, ఆ ఊపిరి తన ఊపిరితో కలవకపోయినా ఎగరేస్తుంది. ఆ డొక్కలను చూసే కెమెరా మానిటర్‌కు లేదు.

రెప్ప వేయని కాపలాదారుడి విషయంలో ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. అది అరిచే అరుపుల్లో ఎక్కువ భాగం పని లేనివే. బిడ్డ కాలు కదిపితే అరుస్తుంది, తీగ జారితే అరుస్తుంది. వినీ వినీ చెవులు మొద్దుబారతాయి. అలారం పరిధులు వెడల్పవుతాయి, ఆ రాత్రి మేం చేసినట్టే. అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలు చూసే జాయింట్ కమిషన్ 2013లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు తమ దృష్టికి వచ్చిన అలారం సంబంధిత ఘటనలు 98 అనీ, వాటిలో 80 మంది చనిపోయారనీ చెప్పింది. అన్ని హంగులూ ఉన్న దేశం అది. అలారం ఉంది కదా అన్న భరోసా అక్కడే అంత ఖరీదైంది.

రెండో వాదన, అంకెకు ఉన్న నికరం చేతికి లేదన్నది. చదువుకున్నవాళ్లు ఎక్కువగా నమ్మేది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి.

బిడ్డకు ఒంట్లో రక్త ప్రసరణ తగ్గుతున్నప్పుడు రక్తపోటు చివరిదాకా పడిపోదు. పసి శరీరం చేతుల నుంచీ కాళ్ల నుంచీ రక్తాన్ని వెనక్కి లాక్కుని గుండెకూ మెదడుకూ పంపుతుంది. తెర మీద రక్తపోటు బాగానే ఉంటుంది. అరికాళ్లు మాత్రం చల్లబడి ఉంటాయి. చల్లదనం పాదం నుంచి మోకాలి వైపు ఎక్కుతుంటుంది. వేలితో నొక్కి అయిదు సెకన్లు ఉంచి వదిలితే, రెండు సెకన్లలో రావాల్సిన రంగు నాలుగైదు సెకన్లయినా రాదు. రక్తపోటు పడిపోయిందని అలారం మోగేసరికి బిడ్డ చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

ఈ వేలి పరీక్ష పాతకాలపు అలవాటేనా? 2019లో జామా పత్రికలో ఆండ్రోమెడా షాక్ అనే పరిశోధన వచ్చింది. దక్షిణ అమెరికాలోని 28 ఐసీయూల్లో, ఇన్ఫెక్షను వల్ల షాక్‌లోకి వెళ్లిన 424 మంది పెద్దవాళ్లను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి రక్తంలో లాక్టేట్ అంకె చూసి చికిత్స నడిపారు. రెండో భాగానికి వేలు నొక్కి, రంగు తిరిగొచ్చే సమయం చూసి నడిపారు. 28 రోజుల్లో లాక్టేట్ చూసినవాళ్లలో 43.4 శాతం, వేలు నొక్కి చూసినవాళ్లలో 34.9 శాతం చనిపోయారు. ఈ తేడా గణాంకాల గీటురాయికి కొద్దిలో ఆగిపోయింది కాబట్టి వేలే గెలిచిందని నేను అనను. ల్యాబు పరీక్షతో పోలిస్తే వేలు నష్టం చేసిందని మాత్రం ఎవరూ అనలేరు. ఒక పద్ధతి ప్రకారం, గడియారం చూసుకుంటూ, ప్రతిసారీ ఒకేలా చేస్తే చేతి పరీక్ష కూడా కొలతే అవుతుంది.

నొప్పి, మత్తు విషయంలోనూ ఇంతే. కంఫర్ట్ స్కేలు 1992 నుంచి ఉంది. బిడ్డ ఎంత మెలకువగా ఉంది, ఎంత ప్రశాంతంగా ఉంది, యంత్రంతో పెనుగులాడుతోందా, కండరాలు బిగుసుకున్నాయా, ముఖం ముడుచుకుందా అని ఒక్కోదానికీ మార్కులు వేసే పద్ధతి అది. ఆ మార్కులు వేయాలంటే మంచం పక్కన నిలబడి, బిడ్డ ముఖం చూడాలి, చెయ్యి మెల్లగా ఎత్తి చూడాలి. నర్సు చూపును అభిప్రాయమని తీసిపారేసేవాళ్లు, ఆ చూపును కొలతగా మార్చే సాధనాలు ముప్ఫై ఏళ్లకు పైగా ఉన్నాయని తెలుసుకోవాలి. వార్డులో వాటిని వాడకపోవడం మన లోపం.

అసలు వెంటిలేటర్ వైద్యం పుట్టిన కథే ఈ వాదనకు సమాధానం. 1952 ఆగస్టు, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్, బ్లెగ్డామ్ ఆసుపత్రి. పోలియో ఊరి మీద విరుచుకుపడింది. ఊపిరి కండరాలు చచ్చుబడి వచ్చిన మొదటి 31 మందిలో 27 మంది మూడు వారాల్లోపే చనిపోయారు. వాళ్ల రక్తంలో బైకార్బనేట్ ఎక్కువగా కనిపించింది. ఒంట్లో క్షారం పెరిగిపోతోందని, కారణం తెలియని వికారమని డాక్టర్లు అనుకున్నారు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్‌ను పిలిపించారు. జిగటగా చెమట పట్టిన ఒళ్లు, పెరిగిన రక్తపోటు, గొంతులో నిండిన ఊటలు చూసి ఆయన, ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుపోతోందని గుర్తుపట్టాడు. ల్యాబు అంకె తప్పు కాదు. దాన్ని బిడ్డ ఒంటితో కలిపి చదివినవాడు అంతకుముందు లేడు. చనిపోతుందనుకున్న పన్నెండేళ్ల అమ్మాయికి గొంతులో రంధ్రం చేయించి, ట్యూబు పెట్టి, రబ్బరు బ్యాగుతో చేత్తో ఊపిరి ఇచ్చి నిలబెట్టాడు. ఆ తర్వాత నెలల తరబడి దాదాపు 1500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు షిఫ్టులు వేసుకుని రోగుల తలాపున కూర్చుని బ్యాగులు పిండారు. 87 శాతం దాకా ఉన్న మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ విద్యార్థుల ముందు ఏ తెరా లేదు. బిడ్డ ముఖం చూస్తూ, ఛాతీ లేచిందో లేదో చూసుకుంటూ పిండారు. మన ఐసీయూలన్నీ ఆ చేతుల నుంచి పుట్టినవే.

మూడో వాదనలో చాలా భాగం నేను ఒప్పుకుంటాను. 1816లో లెనెక్ పారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో కనిపెట్టిన స్టెతస్కోపుకు పరిమితులున్నాయి. పసిపిల్లల ఛాతీ పల్చన, ఒకవైపు చప్పుడు రెండోవైపు వినిపిస్తుంది. అందుకే వీపు మీదా రొమ్ము మీదా కాక చంకల్లో వినమని నేర్పుతాం. ట్యూబు శ్వాసనాళంలో ఉందా అన్నవాహికలో ఉందా అని తేల్చడానికి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రఫీని మించింది లేదు. అది లేక, ఉన్నా సరిగా చదవలేక జరిగిన మరణాల గురించి బ్రిటన్‌లో 2011లో వచ్చిన నాప్-4 నివేదిక గట్టిగా చెప్పింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా అన్నది అల్ట్రాసౌండు చెప్పినంత బాగా నా చెవి చెప్పదు. ఇవన్నీ మన పిల్లలకు కావాలి. ప్రతి మంచానికీ కాప్నోగ్రఫీ కావాలని అడిగేవాళ్లలో నేను ముందుంటాను.

అయితే ఆ అల్ట్రాసౌండు ఇరవై నాలుగు గంటలూ బిడ్డ ఛాతీ మీదే ఉండదు. దాన్ని ఎప్పుడు తేవాలి, ఏ పక్క పెట్టాలి అని ఎవరు చెప్పాలి? ఎడమ పక్క లేవట్లేదన్న ఆ జూనియర్ సిస్టర్ చెప్పాలి. వెంటిలేటర్ మీదున్న బిడ్డ ఉన్నట్టుండి దిగజారితే నాలుగు సంగతులు వెతకమని ప్రపంచమంతా నేర్పుతుంది: ట్యూబు జారిందా, ట్యూబు పూడుకుందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, యంత్రం చెడిందా. నాలుగూ ముందు కంటితో, చెవితో, చేత్తో వెతికేవే. యంత్రం నుంచి విడదీసి అంబూ బ్యాగుతో చేత్తో ఊపిరి ఇచ్చినప్పుడు, అది తేలిగ్గా పోతే తప్పు యంత్రానిదో దాని గొట్టాలదో. బ్యాగు చేతికి బిగుసుకుంటే తప్పు ట్యూబులోనో ఛాతీలోనో ఉంది. ఆ క్షణంలో మెషీన్ రూములోంచి అల్ట్రాసౌండు బండి తోసుకొచ్చేదాకా బిడ్డ ఆగదు.

ఒక సంగతి దగ్గరగా చూపిస్తాను. బిడ్డ కుడి డొక్క కింద వేళ్లు పెట్టి కాలేయాన్ని వెతుకుతాం. పెద్దవాళ్లకు గుండె నీరసిస్తే కాళ్లకు నీరొస్తుంది. పసివాళ్లకు ముందు కాలేయం ఉబ్బుతుంది. నిన్న ఒక వేలు తగిలింది, ఇవాళ మూడు వేళ్లు తగిలితే సెలైను ఎక్కువైందేమో, గుండె అలిసిపోతోందేమో అని ఆలోచించాలి. కానీ తొందరపడకూడదు. ఊపిరితిత్తుల్లో గాలి బయటికి పోక పొంగి ఉంటే అవే కాలేయాన్ని కిందికి తోస్తాయి. అప్పుడు అది పెరగలేదు, జరిగిందంతే. అందుకే రొమ్ము మీద వేలితో తట్టుకుంటూ కాలేయం పై అంచు ఎక్కడుందో కూడా చూడాలి. పై అంచు కూడా కిందికి దిగి ఉంటే గుండె మందు గురించి కాదు, ఊపిరి బయటికి వదలడానికి యంత్రం ఇస్తున్న సమయం గురించి డాక్టరుతో మాట్లాడాలి. రెండు చికిత్సలూ పూర్తిగా వేర్వేరు. ఏ దారో చూపించింది మూడు వేళ్లు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు.

నాలుగో వాదన, తాకితే హాని అన్నది. దీని వెనక మంచి మనసుంది. మెదడు వాచిన బిడ్డను, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిన బిడ్డను మాటిమాటికీ కదిపితే ప్రమాదమే. అందుకు మందు తాకకుండా వదిలేయడం కాదు. సక్షను, నోరు తుడవడం, పక్క మార్చడం, పరీక్ష అన్నీ ఒకే విడతలో ముగించి, తర్వాత బిడ్డను నిద్రపోనివ్వాలి. పరీక్షలో మొదటి భాగానికి తాకనే అక్కర్లేదు. రంగు, ఛాతీ లేచే తీరు, పొట్ట ఉబ్బు, ముఖం మీది ముడతలు చూడ్డానికి కళ్లు చాలు. ఇన్ఫెక్షను అంటారా, అది కడుక్కోని చేతులతో వస్తుంది. కడిగిన చేతులు, కాస్త రుద్ది వెచ్చబరిచిన చేతులు, బిడ్డకు హాని చేయవు. తాకకపోవడం వల్ల వచ్చే హాని కూడా లెక్కలోకి రావాలి. పసిబిడ్డ ఒంట్లో బరువైంది తల. రోజుల తరబడి ఒకే తీరున పడుకుంటే తల వెనక పుండు పడుతుంది. ఆక్సిమీటర్ పట్టీ బిగిసిన వేలు, ముక్కు ట్యూబు ఒరుసుకునే ముక్కుపుటం, ప్లాస్టరు కింద చెంప, ఇవన్నీ మౌనంగా నలిగిపోతాయి. జుట్టు పక్కకు తీసి తల వెనక చూసినవాళ్లకే ఆ ఎర్రదనం కనబడుతుంది.

మత్తులో ఉన్న బిడ్డకు గుర్తులేం కనిపిస్తాయని అడుగుతారు. కండరాలు కదలకుండా మందు ఇచ్చిన బిడ్డకే మన చూపు ఇంకా ఎక్కువ అవసరం. ఆ మందు కదలికను ఆపుతుంది. నొప్పిని ఆపదు, మెలకువనూ ఆపదు. మత్తు మందు పంపు అయిపోయి, కదలకుండా చేసే మందు మాత్రం నడుస్తుంటే ఆ బిడ్డ మెలకువగా ఉండి, ఏడవలేక, చెయ్యి కదపలేక పడి ఉంటుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కంటి కొస నుంచి నీరు కారుతుంది. ఫిట్స్ వచ్చినా ఒళ్లు కొట్టుకోదు. కంటిపాపలు మాత్రం ఆ మందుకు లొంగవు. టార్చి వేసి చూస్తే అవి చెబుతాయి. మాడు మీద వేలు పెడితే అది బిగుసుకుందో లేదో తెలుస్తుంది. గుండె వేగం 170 అని తెర చెబుతుంది. అది ఏడుపని తెలుసుకోవడానికి కంటి కొస చూడాలి.

ఇక ఐదోది, తీరిక లేదన్నది. మిగతా వాదనలన్నీ చాలాసార్లు దీని కోసం తయారయినవే అని నా అనుమానం. వెంటిలేటర్ మీదున్న ఒక్కో బిడ్డకు ఒక్కో నర్సు ఉండాలని ఐసీయూ ప్రమాణాలు చెబుతాయి. మన దగ్గర ఒకరికి ముగ్గురు, రాత్రిళ్లు అంతకంటే ఎక్కువ. ఈ నిజాన్ని నేను దాచను, ఆ నర్సులను తప్పుపట్టను. కానీ మనుషులు చాలనందుకు పరీక్షే అనవసరం అనడం, బియ్యం చాలక ఆకలే అబద్ధం అన్నట్టుంటుంది. చేయాల్సింది చేయలేకపోతున్నాం అని చెప్పుకుంటే రేపు అడగడానికి మనకు నోరుంటుంది. చేయనక్కర్లేదని మనమే ఒప్పుకుంటే, ఆ మాటనే చూపించి రేపు ఇంకో నర్సును తగ్గిస్తారు. ఆ మీటింగులో నేను విన్నది అదే.

ఇంకొక మాట, తలుపు అవతల నిలబడినవాళ్ల గురించి. వెంటిలేటర్ అంటే మన జనంలో ఒక భయం పాతుకుపోయింది. 2003లో వచ్చిన ఠాగూర్ సినిమాలో చనిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నట్టు నటించి డబ్బు గుంజే ఆసుపత్రిని చూసి జనం ఊగిపోయారు. ఇప్పటికీ ఐసీయూ తలుపు దగ్గర "ప్రాణం ఉందంటారా అమ్మా?" అని నన్ను అడిగే నాన్నలున్నారు. వాళ్లకు తెర మీది గీతలు చూపిస్తే ఆ భయం పోదు. లోపలికి తీసుకొచ్చి, చేతులు కడిగించి, బిడ్డ అరికాలు పట్టుకోనిచ్చి, "చూడండి నాన్నా, నిన్న చల్లగా ఉంది, ఇవాళ వెచ్చబడింది" అంటే వాళ్ల ముఖాలు మారతాయి. ఒక బిడ్డ తల్లి నాతో ఒకసారి "ఇది దాని ఏడుపు ముఖమమ్మా, నాకు తెలుసు" అంది. మేం మత్తు సరిపోయిందనుకుంటున్నాం. చూస్తే ఆమె చెప్పిందే నిజం. ముక్కు ట్యూబు దారి తప్పి పొట్ట గాలితో ఉబ్బి ఉంది. అమ్మ చూపు కూడా పరీక్షలో భాగమే.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో పని లేనిది. షిఫ్టు మారేటప్పుడు వెళ్లే సిస్టరూ వచ్చే సిస్టరూ కౌంటరు దగ్గర చార్టు చేతులు మార్చుకోకుండా మంచం దగ్గరికి రావాలి. ముందు తెరకు వీపు పెట్టి బిడ్డను చూడాలి. ఛాతీ రెండు పక్కలా సమంగా లేస్తోందా? మెడ తిన్నగా ఉందా, ట్యూబు గుర్తు ఎక్కడుంది? డొక్కలు, పొట్ట, కాలేయం ఎలా ఉన్నాయి? పాదాలు వెచ్చగా ఉన్నాయా, నొక్కితే రంగు ఎంతసేపట్లో వస్తోంది? కంటిపాపలు, మాడు, తల వెనక, ప్లాస్టరు కింద ఏముంది? ఆ తర్వాత తెర వైపు తిరిగి, చూసినదానికీ అంకెలకూ పొత్తు కుదిరిందా అని సరిచూసుకోవాలి. కుదరకపోతే బిడ్డను నమ్మి, డాక్టరును పిలవాలి. ఇదంతా ఇద్దరు మనుషులకు ఏడెనిమిది నిమిషాల పని. డాక్టర్లు రౌండ్లలో ముందు అంకెలు అడగకుండా "పాప ఎలా ఉంది సిస్టర్?" అని అడిగితే, నర్సులు చూసి చెప్పడం తప్పక అలవాటవుతుంది.

ఆ రాత్రి నన్ను పిలిచిన జూనియర్ సిస్టర్‌ను తెల్లవారాక అడిగాను, మానిటర్ బాగానే ఉంటే నీకెలా అనుమానం వచ్చింది అని. "నేను మానిటర్ చూడలేదక్కా. పాపకి దుప్పటి కప్పబోతుంటే ఒక పక్కే లేస్తోంది" అంది. ఇప్పుడు కొత్తగా వచ్చే ప్రతి విద్యార్థిని చేతా నేను మొదటి రోజు చేయించేది అదే. కాళ్ల వైపు నిలబెట్టి, వంగమని చెప్పి, దుప్పటి తీయిస్తాను. ఛాతీ రెండు పక్కలా లేవడం పూర్తిగా ఒక నిమిషం చూశాకే తల ఎత్తి తెర చూడనిస్తాను.